వంగే ఉక్కు, తినే తుప్పు

తెలుగులో గట్టిదనానికి మారుపేరు ఉక్కు. ఉక్కు మనిషి అంటాం, ఉక్కు సంకల్పం అంటాం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు కత్తుల కోసం దేశాలు దాటి వెళ్లింది కాబట్టి ఆ పోలిక సహజమే. కానీ వంతెనలకు వాడే ఉక్కు ఆ జాతిది కాదు. కత్తి ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. నిర్మాణాల ఉక్కులో పావు శాతానికి అటూ ఇటూ. కర్బనం తగ్గితే పదును తగ్గుతుంది, సాగే గుణం పెరుగుతుంది. ప్రయోగశాలలో మామూలు రకం ముక్కను రెండు వైపులా లాగితే, తెగేలోపు తన పొడవులో సుమారు ఐదో వంతు సాగుతుంది. పోత ఇనుము అయితే ఠపీమని విరిగి ఊరుకుంటుంది.

ఇంజనీర్లు ఈ ఉక్కును నమ్మేది అందుకే. బరువు మితిమీరితే చాలావరకు ముందు వంగుతుంది, మీది రంగు పెచ్చులూడుతుంది. అంటే కబురు పెడుతుంది. ఆ కబురు వినే మనిషి అక్కడ ఉండాలి కదా! పిల్లలు రాసే వంతెన వ్యాసాల్లో నాకు కనిపించే లోటు ఆ మనిషే. పొడవు, ఎత్తు, ప్రారంభించిన తేదీ ఉంటాయి. చినాబ్ వంతెన 359 మీటర్ల ఎత్తని అందరూ రాస్తారు. దానికి రంగు ఎవరు వేస్తారని ఒక్కరూ అడగరు.

తుప్పు సంగతి వేరు. అల్యూమినియం మీద పట్టే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, ఉబ్బి రాలిపోతుంది. కింద కొత్త లోహం గాలికి తగులుతుంది, మళ్లీ అదే కథ. రామేశ్వరం వెళ్లే పాత పాంబన్ వంతెన 1914లో మొదలై, చుట్టూ ఉప్పునీళ్లు పెట్టుకుని 2022 దాకా రైళ్లను మోసింది. 1964 తుఫానులో దెబ్బతింటే శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో బాగుచేసింది. గొప్ప పని, దేశమంతా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. అయితే మిగతా వందేళ్లూ తుప్పు గీకి, ప్రైమర్ పూసి, రంగు వేసినవాళ్ల వల్ల కూడా అది నిలిచింది. వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు. చివరికి తుప్పే దాన్ని ఆపింది. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్తది వచ్చింది, మెరుగైన పూతతో. పూత ఎంత మంచిదైనా ఉప్పుగాలికి సెలవులుండవు.

హౌరా వంతెనకైతే సముద్రం అక్కర్లేకపోయింది. జనం పాన్ నమిలి ఉమ్మిన ఉమ్మికే హ్యాంగర్ల అడుగున ఉన్న ఉక్కు తొడుగులు పలచబడ్డాయి. చివరికి ఫైబర్‌గ్లాస్ కప్పాల్సి వచ్చింది. 1943 నుంచి ఊరి బరువంతా మోస్తున్న వంతెనకు మనం చేసిన మర్యాద అది!

బదిలీల పుణ్యమా అని మీరు నాకంటే ఎక్కువ వంతెనలే దాటి ఉంటారు. రైల్వే గర్డర్ల మీద రంగు వేసిన తేదీ రాసి ఉంచడం ఆనవాయితీ. ఈసారి రైలు నెమ్మదించినప్పుడు, తల బయట పెట్టకుండానే, ఆ తేదీ కోసం చూడండి. కనబడితే మీ వ్యాసంలో ప్రారంభోత్సవం తేదీ పక్కనే దాన్నీ రాయండి. నేను మార్కులు వేస్తాను.