ఆసుపత్రి శుభ్రతకు మార్కులు: కంటికి కనిపించేదే కొలమానమా?

ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతను మార్కులతో కొలిచే ‘కాయకల్ప్’ పథకాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2015 మే 15న ప్రారంభించింది. తొలుత జిల్లా ఆసుపత్రులకు పరిమితమైన ఈ పథకం అనంతరం సామాజిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ విస్తరించింది.

మదింపు మూడు దశల్లో జరుగుతుంది. మొదట ఆసుపత్రి సిబ్బంది స్వయంగా, తర్వాత మరో ఆసుపత్రి బృందం, చివరగా బయటి నిపుణులు పరిశీలిస్తారు. ప్రాంగణ నిర్వహణ, పారిశుద్ధ్యం, వ్యర్థాల నిర్వహణ, ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ వంటి విభాగాల్లో ప్రతి అంశానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు వేస్తారు. బయటి మదింపులో కనీసం 70 శాతం సాధిస్తేనే పురస్కారానికి అర్హత లభిస్తుంది. నగదులో 75 శాతం ఆసుపత్రి అభివృద్ధికి, 25 శాతం సిబ్బంది ప్రోత్సాహకాలకు కేటాయిస్తారు.

ఈ విధానం పారిశుద్ధ్యాన్ని పాలనా బాధ్యతగా మార్చింది. అయితే మొత్తం మార్కు ఒక్కటే చూస్తే, పచ్చని ప్రాంగణానికి లభించిన మార్కులు చేతుల పరిశుభ్రతలోని లోపాన్ని కప్పివేసే ప్రమాదం ఉంది. రోగి ప్రాణానికి ఈ రెండూ సమానం కావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, అల్ప, మధ్యాదాయ దేశాల్లో అత్యవసర చికిత్స అందించే ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. సంపన్న దేశాల్లో ఈ సంఖ్య ఏడు. మంచం కమ్మీపై, తలుపు పిడిపై నిలిచిన సూక్ష్మజీవులు పరిశీలకుడి కంటికి చిక్కవు. అందుకే పలు దేశాల్లో, అతినీలలోహిత కాంతిలో మాత్రమే మెరిసే జెల్‌ను ముందుగా పూసి, శుభ్రపరిచిన తర్వాత అది తొలగిందో లేదో చూస్తారు. ఉపరితలంపై మిగిలిన సేంద్రియ మలినాన్ని ఏటీపీ పరీక్ష నిమిషాల్లో అంకెల్లో చూపుతుంది. అయితే అది ఏ సూక్ష్మజీవి ఉందో చెప్పదు.

కొలిచేవారెవరన్నదీ ముఖ్యమే. ఇంగ్లండులో 2013 నుంచి అమలవుతున్న ‘ప్లేస్’ విధానంలో మదింపు బృందంలో కనీసం సగం మంది రోగుల పక్షం వారై ఉండాలి.

మదింపు రోజున కనిపించే శుభ్రత ఏడాది పొడవునా నిలవాలంటే తగినంత మంది పారిశుద్ధ్య సిబ్బంది, చేతి తొడుగులు, నిరంతర నీటి సరఫరా అవసరం. మార్కులతో పాటు వార్డుల వారీగా ఇన్‌ఫెక్షన్ల సంఖ్యనూ వెల్లడిస్తేనే, ఆ పురస్కారం రోగికి ఎంతవరకు ఉపకరించిందో తేలుతుంది.