గాయకుని కథ - గాయకుని గొంతు

చీమకుర్తి నల్లరాయి పేరు జిల్లా దాటి, సముద్రము దాటి పోయినది. బంగారు రజను చల్లినట్లు మెరసే ఆ రాయి ఎన్నో దేశాల మేడలకు ఎక్కినది. రాతిలో మనిషి ముఖమును చిరకాలము నిలుపవచ్చును గాని, కంఠమును నిలుపుట ఏ శిల్పికిని సాధ్యము గాదు. గాయకునికి విగ్రహముకంటె ముందు కావలసిన స్మారకము వేరొకటి యున్నదని మేము తలచుటకు ఇదియే కారణము.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారి జీవితమును సి.హెచ్. రామారావుగారు చలనచిత్రముగా రూపొందించినారు. గాయకుడు కృష్ణచైతన్య ఆ పాత్ర ధరించినారు. ఆ చిత్రపు మంచిచెడ్డల విచారణ ఇక్కడ మా ఉద్దేశము గాదు. గాయకుని కథ తెరకెక్కినప్పుడెల్ల తలెత్తే ప్రశ్న ఒకటి యున్నది: నటుడు పెదవి కదిపినప్పుడు ప్రేక్షకుడు వినవలసినది ఎవరి గొంతు?

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు మెక్సికన్ కుటుంబాల ముద్దుబిడ్డ, సెలీనా అనే గాయని, 1995 మార్చి 31న హత్యకు గురి అయినది. అప్పటికి ఆమెకు 23 ఏండ్లు. రెండేండ్లకు ఆమె కథ చిత్రమైనది. నటించినది జెన్నిఫర్ లోపెజ్; పాటలలో వినిపించినది మాత్రము సెలీనాయే. చనిపోవుటకు నెల ముందు హ్యూస్టన్ నగరంలో వేలాది జనము ఎదుట ఆమె పాడిన పాటల మాలిక చిత్రములోను, దానితో 1997లో వెలువడిన రికార్డులోను చేరినది. పోయిన పిల్ల గొంతు ఇంటింటికి తిరిగి వచ్చినది. జానీ క్యాష్ కథలో (2005) నటుడు వాకీన్ ఫీనిక్స్ తానే పాడినాడు. నటనకు అది గొప్పయే, కాని మనము వినునది అనుకరణము.

ఘంటసాల వారి విషయములో ఈ భేదము మరింత ముఖ్యము. 1922లో చౌటపల్లిలో పుట్టి, బాల్యములోనే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరములో జోలె పట్టి మాధుకరము చేసికొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ సంగీతము నేర్చినారు. 1942 ఉద్యమములో జైలు చూచినారు. ఈ కష్టములన్నిటిని నటుడు చూపగలడు. ‘స్వర్గసీమ’ (1945) నాటి లేతగొంతు ‘దేవదాసు’ (1953) నాటికి ఎట్లు నిండినదో నటుడు చూపలేడు, అది వినవలసినదే. ఇక పద్యము మాట. నాటకరంగపు దీర్ఘాలాపనను తగ్గించి, పదము విరుగక, అర్థము చెడక ఆయన పద్యము చదివినారు. తరగతిలో పద్యము వినిపించు తెలుగు ఉపాధ్యాయులు చాలమందికి నేటికిని అదే బాణీ. అనుకరించువారికి రాగము పట్టుబడును, ఆ పదచ్ఛేదము మాత్రము జారిపోవును. (ఇది మా చెవి చెప్పే మాట, ఒప్పుకొననివారు ఉండవచ్చును.)

నేడు యంత్రము కూడ అనుకరణకు పూనుకొన్నది. ‘లాల్ సలామ్’ తమిళ చిత్రమునకు ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను కృత్రిమ మేధతో కల్పించి, కుటుంబముల అనుమతి పొంది ప్రతిఫలము ఇచ్చినామని 2024లో ప్రకటించినారు. ఆ ఏడే, ‘కీడా కోలా’ చిత్రములో తన తండ్రి బాలసుబ్రహ్మణ్యముగారి గొంతును అనుమతి లేక కల్పించినారని ఎస్.పి. చరణ్ న్యాయవాది చేత నోటీసు పంపించినారు. అనుమతి, ప్రతిఫలము కుటుంబమునకు సంబంధించినవి. వినే పిల్లవానికి సంబంధించినది మరొకటి: ఆ గాయకుడు ఎన్నడును పాడని పాటను అతని పాటయని నమ్ముట.

కనుక గాయకుని చిత్రముతో వెలువడే రికార్డులో అతని అసలు పాటలే, పాడిన సంవత్సరముతో, చిత్రము పేరుతో, రచయిత, సంగీతకర్తల పేర్లతో వరుసగా ఉండవలెనని మా కోరిక. మన చట్టములో ధ్వనిముద్రణపై హక్కు, ప్రచురించిన మరుసటి ఏటి నుండి 60 ఏండ్లు. రచనకు, సంగీతమునకు గడువు వేరు. వాటి హక్కుదారులను అడుగక తప్పదు. అయినను ‘దేవదాసు’, ‘మాయాబజారు’ (1957) నాటి ముద్రణలకు ఆ మొదటి అడ్డంకి తీరినది.

ఆ వరుసలో చివర ఉంచదగినది భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వారు కన్నుమూసినారు. గీత రికార్డు జనములోనికి వచ్చునాటికి ఆయన లేరు.