కుటుంబ ఆరోగ్యం: పద్నాలుగేళ్ళ పిల్ల, ఏడున్నర పాయింట్ల రక్తం

గత సంచికలో మధుమేహం గురించి వ్రాసిన తరువాత, ఎదిగే పిల్లల ఆరోగ్యం గురించి కూడా వ్రాయవలసినదిగా పలువురు సోదరీమణులు కోరారు. పదేళ్ళు నిండి ఇరవై నిండని వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా పరిగణిస్తున్నది. ఈ విషయంలో ఇతరులకు చెప్పే అర్హత మాకు ఏపాటిదన్న సందేహం లేకపోలేదు. కాబట్టి మా ఇంట జరిగినదే మొదట విన్నవిస్తాము.

2005 డిసెంబరు చివర మెట్రో రైలు ద్వారక చేరినది. ఆ తరువాత కొద్ది కాలానికే మేము ఇక్కడి సహకార సంఘం ఫ్లాటుకు మారాము. మా రెండవ అమ్మాయి పుట్టినదీ పెరిగినదీ ఇక్కడే. 2023లో తొమ్మిదవ తరగతి చదువుతుండగా ఆ పిల్లలో మార్పు కనిపించినది. బడి నుండి రాగానే బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోయేది. మార్కులు తగ్గాయి. లిఫ్టు పని చేయని రోజున నాలుగు అంతస్తులు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి ఆయాసపడేది. మేము వెంటనే కారణం కనిపెట్టాము. సెల్‌ఫోను! ఫోను లాక్కొని బీరువాలో పెట్టి, చిన్నతనంలో మూడు మైళ్ళు నడిచి హైస్కూలుకు వెళ్ళిన మా చరిత్రను మరొకసారి వినిపించాము. ఆ ఉపన్యాసం వల్ల పిల్లకు రక్తం పట్టలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు సూచన వంటింట్లో దొరికినది. డబ్బాలో బియ్యం గుప్పెళ్ళతో తరిగిపోతున్నాయని మా శ్రీమతి గమనించినది. పండుగకు వచ్చిన మా అమ్మగారు మనుమరాలిని చూసి, “బియ్యం బొక్కితే నీ పెళ్ళికి వాన వస్తుందే!” అని నవ్వారు. మేమూ నవ్వాము. పచ్చి బియ్యం, సుద్ద, బలపాలు, మట్టి వంటివి తినాలనిపించడం శరీరంలో ఇనుము తగ్గినదనడానికి ఒక ముఖ్యమైన గుర్తు అని ఆనాడు మాకు తెలియదు. మన పల్లెల్లో బలపాలు తినే పిల్లలను చూడనివారెవరు? వారిని కొట్టారు గాని, రక్తపరీక్ష చేయించినవారు అరుదు.

నవంబరులో డాక్టరుగారి వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆమె రెండు మాటలు అడిగి, “మీరు కాసేపు బయట కూర్చోండి, అమ్మాయితో మాట్లాడాలి” అన్నారు. మాకు మనస్సు చివుక్కుమన్నది. తండ్రికి తెలియకూడని మాట పద్నాలుగేళ్ళ పిల్లకు ఏముంటుంది? పావుగంట వరండాలో కూర్చున్నాము. పిలిచిన తరువాత, అమ్మాయి అనుమతితోనే, డాక్టరుగారు విషయం చెప్పారు. ఎనిమిది నెలలుగా ఆమెకు నెలసరి తొమ్మిది, పది రోజులపాటు ఆగడం లేదు. రాత్రివేళ లేచి బట్టలు తానే ఉతుక్కొంటున్నది. ఇది మగవాళ్ళు ఉన్నచోట అనకూడని మాట అని పెద్దమనిషి అయిననాడు ఎవరో చెప్పారట. ఉద్యోగం నుండి అలసి వచ్చే తల్లితో చెప్పడానికీ సంకోచించినది. హిమోగ్లోబిను పరీక్షలో 7.6 వచ్చినది. ఆ వయస్సు ఆడపిల్లకు 12కు తగ్గకూడదు. మేము ఇంజనీర్లము కదా, మీటరే తప్పై ఉంటుందనుకొన్నాము. మరొక చోట చేయిస్తే 7.7 వచ్చినది.

మన ప్లాంటులో ప్రతి షిఫ్టులో బేరింగు ఉష్ణోగ్రత, ఆయిలు ప్రెషరు లాగ్‌షీటులో వ్రాస్తాము. రెండు డిగ్రీలు పెరిగితే ఫోరుమన్‌ను పిలిచి కారణం అడుగుతాము. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన మేము మా ఇంటి పిల్ల రీడింగు ఒక్కసారి చూడలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంతకు ముందటి సర్వేలో ఇది 54.1 శాతం. మగపిల్లల్లోనూ 31.1 శాతం మందికి ఉన్నది. పేదరికమొక్కటే కారణమనుకొంటే పొరపాటు. ఒక్కసారిగా పొడవు పెరిగే ఈడులో రక్తం పరిమాణమూ కండరాలూ పెరుగుతాయి. ఆ మేరకు ఇనుము కావలసి వస్తుంది. ఆడపిల్లలకు దానిపై నెలనెలా నష్టం. ఇక తిండి సంగతి చూస్తే, ఉదయం బస్సు హడావిడిలో టీ బిస్కట్లు, మధ్యాహ్నం క్యాంటీనులో నూడుల్సు. టీ మనం తిన్న ఆకుకూరలోని ఇనుమును సైతం ఒంటబట్టనివ్వదు.

కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించినది. పోషణతో పాటు మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాలు, హింస, ప్రమాదాలు వంటివన్నీ అందులో చేర్చారు. పిల్లలు సంకోచం లేకుండా మాట్లాడడానికి ప్రత్యేక క్లినిక్కులు కూడా అందులో భాగమే. బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు కూడా ఇవ్వాలి. ఆ నీలి మాత్ర పిల్లల జేబులో నుండి కిటికీ గుండా బయటికి వెళ్తుందన్నది మాకు మా అమ్మాయే చెప్పిన రహస్యం. కడుపులో తిప్పుతుందని భయం. ఖాళీ కడుపున కాక, భోజనం తరువాత వేసుకొంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. మలం నల్లబడితే భయపడనక్కరలేదు. మాత్రకు ముందు వెనుక ఒక గంట టీ, పాలు మానాలి. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. అయితే వారం మాత్ర నివారణకే. మా అమ్మాయి వలె పడిపోయిన రక్తాన్ని అది నిలబెట్టలేదు. అందుకు డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్నాళ్ళు వాడాలి. అంకె 12 దాటగానే మానివేస్తే శరీరంలో నిలువ చేరదు. మరి మూడు నెలలు కొనసాగించాలి.

పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం మన తెలుగువారి ఆచారం. నువ్వుల్లో ఇనుము, సున్నం రెండూ ఉన్నాయి. ఎముకల బలంలో దాదాపు 90 శాతం 18–20 ఏళ్ళలోపే ఏర్పడుతుంది గనుక ఆ చిమ్మిలి అవసరం ఎంతో ఉన్నది. వేడుక అయిన పదిరోజులకే మానివేయడమెందుకో మాకు అర్థం కాదు. పిల్లను మూలన కూర్చోబెట్టే ఆచారం మానివేసి, చిమ్మిలిని ఉంచుకొని ఉంటే బాగుండేది.

తల్లులు గమనించవలసినది మరొకటి. మొదటి రెండేళ్ళు నెలసరి తేదీలు అటూ ఇటూ కావడం సహజం. కాని ఏడు రోజులకు మించినా, గంటకో రెండు గంటలకో బట్ట మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా డాక్టరుకు చూపించాలి. కొందరిలో రక్తం గడ్డకట్టే గుణంలోనే పుట్టుకతో లోపం ఉంటుంది. మా అమ్మాయికి ఆ పరీక్షలు, థైరాయిడు పరీక్ష చేసి, లోపం లేదని తేల్చారు.

నిద్ర గురించి ఒక మాట. ఈ వయస్సులో 8 నుండి 10 గంటలు నిద్ర అవసరం. నిద్ర తెప్పించే హార్మోను కూడా ఈ ఈడులో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. ద్వారకలో పిల్లలు కోచింగు నుండి తొమ్మిదింటికి వచ్చి, ఉదయం 6:40కి బస్సు ఎక్కుతారు. లెక్క ఎలా కుదురుతుందో లెక్కలు వచ్చినవారే చెప్పాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా గురించి ఖమ్మం వైపు నుండి వచ్చిన ఒక సహోద్యోగి అడిగారు. ఆయన భయానికి కారణమున్నది. 2009లో నాటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ఒక ప్రదర్శక పథకం క్రింద వేశారు. కొందరు పిల్లలు మరణించిన వార్తలతో 2010 ఏప్రిలులో దానిని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది వేరొకటి. చాలాచోట్ల తల్లిదండ్రులను అడగకుండా హాస్టలు వార్డెన్లే సమ్మతి పత్రాలపై సంతకం చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టినది. టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9–14 ఏళ్ళ ఆడపిల్లలకు దీనిని సిఫారసు చేస్తున్నది. మా అమ్మాయికి వేయించాము. కాని ముందు కూర్చోబెట్టి, ఇది ఎందుకో, నొప్పి ఎంతో, ఎంత సేపు కూర్చోవాలో చెప్పి, వేయించుకొంటావా అని అడిగాము. వరండాలో గడిపిన పావుగంట మాకు ఆపాటి నేర్పినది.

2024 మార్చిలో హిమోగ్లోబిను 11.2, జూనులో 12.4. బియ్యం డబ్బా జోలికి ఇప్పుడు ఎవరూ పోవడం లేదు. ఫోను తిరిగి ఇచ్చాము.

మగపిల్లల విషయం ఈసారి వ్రాయలేకపోయాము. వారు అసలు నోరు విప్పరని అనేక మంది తండ్రుల ఫిర్యాదు. వచ్చే సంచికలో దానిని చేపడతాము. ఈలోగా పిల్లవాడు ముభావంగా, నిరాశగా ఉన్నాడనిపిస్తే 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది. తెలుగులోనూ మాట్లాడవచ్చును.

ఈ వ్యాసం వ్రాతప్రతిని అచ్చుకు పంపే ముందు మా అమ్మాయికి చూపించాము. ఎర్ర పెన్ను తీసుకొని రెండు వాక్యాలు కొట్టివేసినది. “మిగతాది వేసుకోండి నాన్నా” అన్నది.