జాయిన్ స్లోనా? ముందు ట్రిప్పులు లెక్కపెడదాం

 

కంప్యూటర్స్ చదువుతున్న మన హాస్టల్ పిల్లల్లో ఒక మాట తిరుగుతున్నది: "జాయిన్ పెడితే డేటాబేస్ స్లో అయితది, టేబుల్‌కో క్వెరీ విడిగా రాసుకుంటే మంచిది" అని. కొలిచి చూడకుండా ఈ మాట నమ్మొద్దని మేము అంటున్నం.

బోరంచ నుంచి ఖేడ్‌కు ఉప్పు కోసం ఒకసారి, నూనె కోసం ఇంకోసారి పోతమా? చీటీ రాసుకొని అన్నీ ఒక్కసారే తెచ్చుకుంటం. జాయిన్ కూడా అంతే.

లెక్క చూడండి. 200 మంది విద్యార్థుల పేర్లు, వాళ్ల హాస్టళ్ల పేర్లు చూపాలి. జాయిన్‌తో ఒక్క క్వెరీ చాలు. విడిగా అయితే లిస్టుకు ఒకటి, ఒక్కొక్కరి హాస్టల్‌కు ఒకటి, మొత్తం 201. సర్వర్, డేటాబేస్ పక్కపక్కనే ఉండి ట్రిప్పుకు 1 మిల్లీసెకను పడితే అంతా కలిపి 0.2 సెకను. ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. కానీ ఫోన్‌లోని యాపే ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంటే? సిగ్నల్ సరిగ్గా లేని తండాలో ఒక్కోదానికి 300 మిల్లీసెకన్లు అనుకున్నా నిమిషం దాటుతది. స్కాలర్‌షిప్ ఆఖరి తేదీనాడు ఆ నిమిషం విలువ మనకు తెలుసు.

అట్లని అన్నింటికీ జాయినే పెట్టమనడం లేదు. ఒక్కో విద్యార్థికి 4 సర్టిఫికెట్లు, 10 పేమెంట్లు ఉన్నయనుకోండి. మూడు టేబుల్స్‌ను ఒకే జాయిన్‌లో కలిపితే ఒక్కరికి 40 వరుసలు, 200 మందికి 8,000. మూడు క్వెరీలుగా తెస్తే 200, 800, 2,000 కలిపి 3,000 వరుసలే. ఇక్కడ విడిగా తేవడమే నయం. అయితే అందరి నంబర్లు ఒకేసారి ఇచ్చి అడగాలి, ఒక్కొక్కరి కోసం తిరగొద్దు. మూడు ట్రిప్పులు వేరు, 201 ట్రిప్పులు వేరు.

జాయిన్ నిజంగానే స్లో అయితే ముందు ఇండెక్స్ ఉందా చూడాలి. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెడితే టేబుల్ మొత్తం వెతుకుతున్నదా లేదా డేటాబేసే చెప్తది. పాత సలహాలతో కూడా జాగ్రత్త. మైఎస్‌క్యూఎల్‌లో హాష్ జాయిన్ 2019లో 8.0.18 వెర్షన్‌తోనే వచ్చింది.

మన ఇండ్లల్లో కాలేజీకి వచ్చిన మొదటివాళ్లం మనం. రేపు మన పిల్లలు వాడే యాప్‌లు రాసేది కూడా మనమే కావాలె. అప్పుడు ల్యాబ్ వైఫై మీద పనిచేసిందని సంబరపడొద్దు. తండాలో, అమ్మ ఫోన్‌లో తెరిచి చూసినంకనే "అయింది" అందాం.