బొమ్మకు రంగు నిలుచు విధము

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో బాలురు ప్లాస్టిక్ వీరుల బొమ్మలను దెచ్చి, తమకు దోచిన వేషములు దిద్ది రంగులు వేయుచున్నారు. మెచ్చదగిన వ్యాసంగమే. కాని పది దినములైన గడవకమున్నే మోచేతులకడ, మోకాళ్ళకడ రంగు రాలును. అంతట ఇంకను ఖరీదైన రంగు కావలెనని పేచీ! నా మతమున లోపమంతయు రంగు క్రింది పనియందే యున్నది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక పనివారిని జూడుడు. యంత్రముపై గిఱ్ఱున దిరుగు అంకుడుకొయ్యకు రంగు కలిపిన లక్కను ఒత్తుదురు. రాపిడి వేడిమికి లక్క కరగి కొయ్యను బట్టుకొనును. కొండపల్లిలోనో, తెల్లపొణికి బొమ్మకు సున్నపుపూత యిచ్చి, అది ఆరినపిదపనే రంగు ముట్టుదురు.

ప్లాస్టిక్ బొమ్మకు జిడ్డే శత్రువు. దానిని సబ్బునీట గడిగి, సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది, ప్రైమరు పూయవలెను. రంగును పలుచగా, ఒక్కొక్క పొరను ఆరనిచ్చుచు వేయవలెను. కీళ్ళయొద్ద మాత్రము ఏ వార్నిషైనను రంగును కాపాడజాలదు. ఒరయు తావును ముందే కొంచెము అరగదీసి సందు కల్పింపవలెను. కంటికి గనబడని పని గనుక ఎవరికిని రుచింపదు!

ఇంట పసివారున్నచో మాట వేఱు. వారు బొమ్మను మొదట నోటితోనే పరీక్షింతురు. ఏటికొప్పాకలో చెట్ల రంగులను పునరుద్ధరించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. పసిచేతికి అట్టి లక్కబొమ్మ నిచ్చి, మన ప్లాస్టిక్ వీరుని అలమారుపై నుంచుట మేలు.