అబ్బాయి వినే పాట - అమ్మకు కలిగే భయం

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో లీడ్స్ నగరంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వయసు 23. సెప్టెంబరులో వెళ్ళాడు. రోజూ రాత్రిపూట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఏవో భయంకరమైన పాటలు వింటున్నాడు. ఒకసారి ఫోనులో నాకూ వినిపించాడు. శవాన్ని మోసుకుపోతున్నట్లు నెమ్మదిగా వాయిద్యాలు, మధ్యలో ఎవరిదో గర్జన. మై డైయింగ్ బ్రైడ్ అనే బృందం 2024లో విడుదల చేసిన 'ఎ మోర్టల్ బైండింగ్' అట. ఈ రకాన్ని 'డెత్ డూమ్ మెటల్' అంటారట. పేరులోనే చావు ఉంది! "ఇది వింటే నాకు హాయిగా ఉంటుందమ్మా" అంటాడు. అతని గదిలో ఉండే ఒక కుర్రవాడు అది విని ఆ రాత్రంతా దిగులుగా ఉన్నాడట. ఇంకొకడు రెండు నిమిషాలు విని, నవ్వి, కట్టేశాడట. మావాడి మనసు చెడిందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఇక వినవద్దని ఒట్టు వేయించుకోమంటారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఒట్టు వేయించుకోకండి. వేయించుకుంటే పాట మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. అంతకంటె నష్టం లేదు.

ముందు ఆ సంగీతం సంగతి తెలుసుకోండి. అది మీ అబ్బాయి ఉన్న చోటికి దగ్గరలో పుట్టినదే. లీడ్స్ పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో 1990లో ఆ బృందం ఏర్పడింది. దగ్గరలోని హాలిఫాక్స్‌లో పారడైజ్ లాస్ట్, లివర్‌పూల్‌లో అనథీమా అనే బృందాలు కూడా ఆ కాలంలోనే ఇదే బాట పట్టాయి. బరువుగా, నెమ్మదిగా సాగే వాద్యం డూమ్. గొంతు చించుకొని పలికే గర్జన డెత్. రెండూ కలిపారు. మీ అబ్బాయి వినే రికార్డులో ఒక పాట 11 నిమిషాలు దాటుతుంది. ఇందులో వినిపించేది చావమనే పిలుపు కాదు, దుఃఖం. మనవారు కరుణరసం అన్నదానికి అది దూరపు చుట్టం అనుకోండి. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూసి ఏడ్చి, తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చినవారు మన ఊళ్ళలో ఎంతమంది లేరు?

ఆ బృందంవారి కథే ఒకటి చెబుతాను. గాయకుని చిన్నారి కూతురికి క్యాన్సరు అని తేలింది. బృందం పనులన్నీ ఆగిపోయాయి. చికిత్స జరిగి పాప కోలుకున్న తర్వాత 2020లో వారు ఒక ఆల్బమ్ తెచ్చారు. ఆ తండ్రి పడిన వేదన అందులో పాటగా మారింది. దుఃఖాన్ని పాటలో పెట్టుకోవడం జబ్బు కాదు.

ఇక అభిప్రాయాల సంగతి. ఒకే రికార్డు ఒకరికి హాయి, ఒకరికి దిగులు, ఒకరికి నవ్వులాట. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు డెత్ మెటల్ అభిమానులు 32 మందిని, అభిమానులు కానివారు 48 మందిని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. హింసతో నిండిన పాట విన్నా, హింసను చూపే చిత్రాలకు అభిమానుల మనసు ఇతరుల మనసులాగే స్పందించింది, మొద్దుబారలేదు. అక్కడి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 2015లో మరొక సంగతి వెల్లడించారు. ఇటువంటి సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, తర్వాత కొందరికి 10 నిమిషాలు వారికి నచ్చిన పాట వినిపించారు, మిగిలినవారిని మౌనంగా కూర్చోబెట్టారు. పాట విన్నవారి కోపం పెరగలేదు. మౌనంగా ఉన్నవారిలాగే వారూ చల్లబడ్డారు.

కాబట్టి "ఏం వింటున్నాడు?" అన్నది అసలు ప్రశ్న కాదు. "విన్న తర్వాత ఎలా ఉంటున్నాడు?" అన్నది అసలు ప్రశ్న. పాట అయిపోయాక లేచి అన్నం వండుకొని, చదువుకొని, పడుకుంటే ఆ పాట అతనికి మేలే చేస్తున్నది. అదే పాటను పదేపదే పెట్టుకొని, జరిగిపోయినదాన్నే తవ్వుకుంటూ మంచం దిగకపోతే ఆ పాట అతనికి పడలేదన్నమాట. అతని గదిలో దిగులుపడ్డ కుర్రవాడు అది వినకపోవడమే మంచిది. నలుగురికి పడ్డ మందు అయిదోవానికి పడకపోవచ్చు.

ఈ కింది లక్షణాలు రెండు వారాలకు మించి కనిపిస్తే మాత్రం పాటను తిట్టుకుంటూ కూర్చోకండి, వైద్యుణ్ణి చూడమనండి: నిద్ర బాగా తగ్గడం లేక మరీ పెరగడం, ఆకలి పోవడం, తరగతులకు వెళ్ళకపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, ఎప్పుడూ ఇష్టపడే పనులమీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, "నేనెందుకూ పనికిరాను" అనడం. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు. అది అపోహ. అడగడంవల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవారికి చెప్పుకొనే దారి దొరుకుతుంది. అవునంటే ఆ రోజే సహాయం అందాలి, ఒంటరిగా వదలకూడదు. ఇంగ్లండులో 111కు ఫోను చేసి మానసిక ఆరోగ్యానికి 2 నొక్కాలి. సమారిటన్స్ సంస్థ నంబరు 116 123, రాత్రింబవళ్ళు ఉచితం. ప్రాణాపాయం అనిపిస్తే 999. మన దేశంలో టెలి మానస్ 14416. విద్యార్థి వీసాకు ఆరోగ్య రుసుము ముందే కట్టి ఉంటాడు కనుక, అక్కడ జి.పి. అని పిలిచే డాక్టరును చూడడానికి వేరే ఫీజు ఉండదు. ఇంకా పేరు నమోదు చేసుకోకపోతే ఈ వారమే చేసుకోమనండి.

ఇంకొక సంగతి. లీడ్స్‌లో డిసెంబరు చివర ఉదయం 8 దాటితేగాని సూర్యుడు కనిపించడు, సాయంత్రం 4 కాకుండానే చీకటి పడుతుంది. గుంటూరు ఎండలో పెరిగిన పిల్లవాడికి ఆ చీకటే దిగులు తెస్తుంది. పాటమీదికి నెట్టిన నేరంలో సగం ఆ చలికాలానిదే కావచ్చు. రోజూ మధ్యాహ్నం అరగంట బయట నడవమనండి.

నిజంగా కంగారుపడవలసింది చెవులకోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే కాలం సగమవుతుంది: 83కు 20 గంటలు, 89కి 5 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. శబ్దం 60 శాతం దాటనివ్వకూడదు. కచేరీకి వెళితే చెవుల్లో నురగ బిరడాలు పెట్టుకోవాలి. కచేరీ తర్వాత చెవుల్లో గుయ్యిమనే మోత మరునాటికి కూడా తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి.

చివరగా మీకు ఒక మందు చీటీ. ఈసారి ఫోను చేసినప్పుడు "ఆ పాట మళ్ళీ పెట్టరా, ఇద్దరం విందాం" అనండి. మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, తప్పులేదు. కాని "ఇందులో నీకు నచ్చినదేమిటి?" అని అడిగి, అతను చెప్పేదాకా ఆగండి. మీకు కావలసిన జవాబు నాకంటె అతనే బాగా చెబుతాడు.