బంకులో గుద్దితే కేసు కాదా?

పదకొండు రోజుల కింద, ఒక ఆదివారం సాయంత్రం. కర్నూలు శివారులో హైవే పక్కనున్న ఒక బంకులో నేను, మా ఖాలా ఆగాం. మాది స్కూటీ. ట్యాంకు సీటు కింద ఉంటుంది కదా, సీటు లేపాలంటే ఇద్దరం దిగాల్సిందే. ఖాలాకు మోకాళ్ల నొప్పులు, విసుక్కుంటూనే దిగింది. ఎండ తగులుతోందని నాలుగడుగులు పక్కకు వెళ్లి నిలబడింది. ఆ నాలుగడుగులే ఆమెను కాపాడాయి.

టమాటా క్రేట్ల లోడుతో ఒక డీసీఎం వ్యాను బయటికి వెళ్లే గేటులోంచి లోపలికి వచ్చింది. అవతలి వైపు నుంచి వచ్చేవాళ్లు ముందుకెళ్లి యూటర్న్ తీసుకోవాలి. డీజిల్ దండగ అని చాలామంది రాంగ్‌సైడ్‌లోనే వచ్చేస్తారు. బ్రేకు వేశాడు, బండి ఆగలేదు. మా స్కూటీని ఈడ్చుకుంటూ వెళ్లి పంపు ముందున్న ఇనుప గార్డుకు కొట్టింది. గార్డు వంగింది, పంపు మాత్రం నిలబడింది. పెట్రోల్ కొట్టే కుర్రాడు అప్పుడే పైపు తీసి తగిలించాడు. పైపు ఇంకా ట్యాంకులోనే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకు ఇష్టం లేదు. నేను వెనక్కి దూకాను. కుర్రాడి కాలు మాత్రం స్కూటీకి, గార్డుకు మధ్య ఇరుక్కుంది.

స్కూటీలోంచి పెట్రోల్ కారుతుంటే ఎవరో ఇసుక బకెట్ తెచ్చి పోశారు. మేనేజర్ కరెంటు ఆపేశాడు. పది నిమిషాల్లో అంతా మామూలే. ఖాలా ఏడుస్తూ "జాన్ బచీ తో లాఖోఁ పాయే" అంది. మన ఇళ్లలో ఈ మాట తెలియనివాళ్లు ఉండరు. ప్రాణం దక్కింది, లక్షలు సంపాదించినట్టే. ఆ మాటతోనే మేం తప్పు చేశాం.

అరగంటలో వ్యాను ఓనర్ వచ్చాడు. చుట్టూ నలుగురు పెద్దమనుషులు చేరారు. "ఇది రోడ్డు కాదు, ప్రైవేటు జాగా. బంకులో జరిగిందానికి కేసూ ఉండదు, ఇన్సూరెన్సూ రాదు" అన్నారు. నాకు స్కూటీ రిపేరుకు 4,000, కుర్రాడికి 3,000. తెల్ల కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం. నేను బీకాం చదివాను, ఇన్సూరెన్స్ నాకు ఒక సబ్జెక్టు. అయినా పెట్టాను. మూడో రోజు ఎక్స్‌రే తీస్తే కుర్రాడి చీలమండలో ఎముక విరిగిందని తేలింది. ఆరు వారాలు పనికి వెళ్లకూడదన్నారు. రోజు కూలీ మీద బతికేవాడు, ఇంట్లో ముసలి తల్లి.

ఇంతకీ "రోడ్డు కాదు" అన్న వాదన నిలుస్తుందా? నిలవదు. మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే ఏమిటో సెక్షన్ 2(34)లో ఉంది. రోడ్డు, వీధితో పాటు జనానికి రాకపోకల హక్కు ఉన్న మరే చోటైనా అందులోకి వస్తుంది. స్థలం ఎవరి పేరున ఉందన్నది కాదు, జనం వస్తారా లేదా అన్నదే లెక్క. బంకు అంటేనే జనం బండ్లతో వచ్చే చోటు. సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా పబ్లిక్ ప్లేస్‌లో బండి నడపకూడదు. ఆ ఇన్సూరెన్స్ ఉన్నదే ఆ కుర్రాడిలాంటి వాళ్ల కోసం. ఓనర్ జేబులోంచి ఇచ్చే 3,000 దయ కాదు, కంపెనీ కట్టాల్సిన దాన్నుంచి తప్పించుకునే దారి.

పోలీసు కేసు విషయంలో కొంచెం జాగ్రత్తగా చూడాలి. భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ పబ్లిక్ దారి మీద నిర్లక్ష్యంగా నడపడం గురించి చెబుతుంది. బంకు లోపల జరిగింది కాబట్టి దాని మీద లాయర్లు వాదించుకోవచ్చు. 125 సెక్షన్‌కు మాత్రం చోటుతో పనిలేదు. నిర్లక్ష్యంతో ఎదుటివాడికి దెబ్బ తగిలితే చాలు. ఎముక విరిగితే తీవ్ర గాయం కింద శిక్ష ఎక్కువ. ఇందులో రాజీ పడాలన్నా కోర్టు అనుమతి కావాలి. బంకు ముందు రాసుకున్న తెల్ల కాగితం ఆ అనుమతి కాదు.

కేసు నమోదైతే మిగతా చక్రం దానంతట అది తిరగాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టును ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. పూర్తి రిపోర్టుకు 90 రోజుల గడువు. పరిహారం దరఖాస్తుకు అదే రోజు నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది గానీ, మనం మాత్రం ఆరు నెలలే అనుకుని పరుగెత్తడం మంచిది. కుర్రాడు డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలింది కాబట్టి ఉద్యోగి పరిహారం కింద కూడా అడగొచ్చు. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, సెక్షన్ 167 ప్రకారం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఏది లాభమో లాయర్‌ను అడిగాకే సంతకం. వ్యానుకు ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే కనిపిస్తుంది. ఆ వ్యానుకు ఉంది. అంటే ఓనర్‌కు పోయేదేమీ లేకపోయినా మమ్మల్ని భయపెట్టాడు.

బంకు అనగానే మనకు మంటల భయమే. ఫోన్ వాడొద్దని పెద్ద బోర్డు పెడతారు, దాని పక్కనే ఫోన్‌తో స్కాన్ చేయమని క్యూఆర్ కోడ్ అతికిస్తారు. బండి నెమ్మదిగా రావాలన్న బోర్డు మాత్రం నేను వెతికినా కనపడలేదు. బయటికి వెళ్లే గేటు దగ్గర ఒక స్పీడ్ బ్రేకరూ లేదు. 2024 డిసెంబర్ 20న జైపూర్‌లో అజ్మీర్ హైవే మీద యూటర్న్ తిరుగుతున్న గ్యాస్ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. గ్యాస్ లీకై పదుల సంఖ్యలో బండ్లు కాలిపోయాయి, పది మందికి పైగా చనిపోయారు. అక్కడ కూడా మొదట జరిగింది గుద్దుకోవడమే, మంట తర్వాత వచ్చింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదే దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు, 1,68,491 మరణాలు. మా సంగతి అలాంటి ఏ లెక్కలోకీ రాలేదు, ఎందుకంటే మేం కాగితం రాసిచ్చేశాం.

నిన్న కుర్రాడిని ఆటోలో స్టేషన్‌కు తీసుకెళ్లాను. నా 4,000 వెనక్కి ఇచ్చేస్తానని ఓనర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పాను, అతను తిట్టాడు. స్టేషన్‌లో అర్జీ తీసుకున్నారు, ఎఫ్ఐఆర్ నెంబరు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపుతాం, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్. ఆసుపత్రిలో మొదటి రోజు బాత్రూంలో జారిపడ్డాడని రాయించారట, ఓనర్ మనిషే పక్కనుండి చెప్పించాడు. ఇక మిగిలిన సాక్ష్యం బంకు సీసీ కెమెరానే. అందులో పదిహేను రోజుల రికార్డింగే ఉంటుంది, ఆ తర్వాత పాతది చెరిగిపోతుందని మేనేజర్ చెప్పాడు. ఇవాళ పదకొండో రోజు.